సోల్ పాటలు కట్టిన జంటలు, త్రయాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో, సోల్ అనే అమెరికా నల్లజాతివారి సంగీతాన్ని రికార్డులుగా తెచ్చిన మోటౌన్ సంస్థ గాయనీగాయకుల గురించి రాసిన తరువాత నల్లగొండ, పాలమూరు వైపుల నుండి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. రాసినవారిలో చాలామంది పాడినవారి సంగతి పక్కన పెట్టి, రికార్డు మీద పాట పేరు కింద సన్నని అక్షరాలలో కనిపించే రచయితల గురించి అడిగారు. ఈసారి శీర్షిక అంతా వారిదే.

ప్రశ్న: మా అబ్బాయి ఫోన్‌లో సుప్రీమ్స్ బృందం పాటలు వినిపించాడు. చాలా పాటల కింద ‘హాలండ్–డోజియర్–హాలండ్’ అని ఉన్నది. ఇది ఒకరి పేరా, ముగ్గురి పేర్లా? ముగ్గురు కలిసి ఒక పాట రాస్తే ఎవరు ఏ పని చేస్తారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: సార్, అవి ముగ్గురి పేర్లు: బ్రయన్ హాలండ్, లామాంట్ డోజియర్, ఎడ్డీ హాలండ్. హాలండ్‌లు ఇద్దరూ అన్నదమ్ములు, ఎడ్డీ పెద్దవాడు. కార్ల కర్మాగారాలకు పేరుపడిన డెట్రాయిట్ నగరంలో బెర్రీ గోర్డీ 1959లో తమ కుటుంబ నిధి నుండి 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డుల సంస్థ పెట్టాడు. మోటౌన్ అంటే అదే. ఈ ముగ్గురూ ఉద్యోగానికి వచ్చినట్టు రోజూ అక్కడికి వచ్చి, పియానో ముందు కూర్చుని పాటలు కట్టారు.

పనుల పంపకం స్థూలంగా ఇలా ఉండేది. బ్రయన్‌ది బాణీ, రికార్డింగు పర్యవేక్షణ. ఎడ్డీది సాహిత్యం, దానితోపాటు ప్రతి పంక్తిని ఎలా పలకాలో గాయకులకు దగ్గర ఉండి నేర్పే పని. లామాంట్‌కు రెండు వైపులా చేయి ఉన్నది. ఆయన బ్రయన్‌తో కలిసి వరుస కట్టేవాడు, పల్లవికి ఎత్తుగడగా ఒక పలుకును కూడా ఆయనే పట్టుకొచ్చేవాడు, ఆ పలుకును ఎడ్డీ చరణాలుగా పెంచేవాడు. 1965 నాటి ‘స్టాప్! ఇన్ ద నేమ్ ఆఫ్ లవ్’ పాటకు పేరైన మాట, ప్రియురాలితో గొడవ పడుతున్నప్పుడు తన నోటి వెంట వచ్చిన మాటేనని లామాంట్ చెప్పుకున్నాడు.

వీరి ప్రతిభ ఎక్కడుందో తెలియాలంటే 1964లో వచ్చిన ‘వేర్ డిడ్ అవర్ లవ్ గో’ వినాలి. ఆ పాటను మొదట మార్వెలెట్స్ అనే బృందానికి ఇవ్వజూపితే వారు వద్దన్నారు. అప్పటికి ఒక్క పెద్ద విజయం కూడా చూడని సుప్రీమ్స్‌కు అది దక్కింది, వారికీ అది నచ్చలేదు. వాద్యాలు అప్పటికే వేరే గొంతును దృష్టిలో పెట్టుకుని తక్కువ శ్రుతిలో సిద్ధమై ఉన్నందున, బృందంలో ప్రధాన గాయని డయానా రాస్ తనకు అలవాటైన పై స్థాయిని విడిచి కింది స్థాయిలో పాడవలసి వచ్చింది. ఆమె గొంతులోని ఆ తడి మనకు వినిపించడానికి కారణం ఇదే. చెక్క పలకల మీద కాళ్లతో తొక్కిన చప్పుడుతో మొదలయ్యే ఆ పాట, అమెరికాలో పాటల ఆదరణను లెక్కించే పట్టికలో మొదటి స్థానానికి చేరింది. దాని తరువాత ఇదే త్రయం రాసిన మరి నాలుగు పాటలు వరుసగా అదే స్థానానికి చేరాయి. సుప్రీమ్స్‌కు మొత్తం మీద మొదటి స్థానం తెచ్చిన 12 పాటలలో 10 వీరివే.

మాటల దృష్టితో చూస్తే వీరి పాటలలో గొప్ప కవిత్వం లేదని నా అభిప్రాయం. విడిచిపోయినవాడిని తలచుకుని ఏడ్చే పాటకు చప్పట్లతో చిందు వేయించే తాళం పెట్టడంలోనే వీరి నేర్పు ఉన్నది. గాయకుడి గొంతు కొలతలు కూడా వీరికి తెలుసు. ఫోర్ టాప్స్ బృందంలోని లీవై స్టబ్స్‌కు హాయిగా అందే శ్రుతిని కావాలనే తప్పించి, ఆయన గొంతెత్తి దాదాపు అరవవలసి వచ్చే ఎత్తులో బాణీ కట్టేవారు. 1966లో వచ్చిన ‘రీచ్ ఔట్ ఐల్ బీ దేర్’లోని వేడుకోలు అలా పుట్టింది.

ప్రశ్న: మన సినిమాలలో ముందు ట్యూన్, తరువాత మాట అంటారు. సోల్ జంటలు ఏది ముందు చేసేవి?
– డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ఒక్క పద్ధతి లేదు. డెట్రాయిట్‌లో చాలావరకు వరుస ముందు పుట్టేది. వాద్యాలు రికార్డయిపోయాక కూడా సాహిత్యం పూర్తి కాని సందర్భాలున్నాయి. మెంఫిస్ నగరంలోని స్టాక్స్ సంస్థలో తీరు వేరు. జిమ్ స్టూవర్ట్, ఎస్టెల్ ఆక్స్‌టన్ అనే అక్కాతమ్ముళ్లు మూతబడిన ఒక సినిమా హాలులో స్టూడియో పెట్టి, ఇద్దరి ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలను కలిపి దానికి ఆ పేరు పెట్టారు. ఐజాక్ హేస్, డేవిడ్ పోర్టర్ జంట అక్కడిదే. పోర్టర్ ఆ స్టూడియో ఎదురుగా ఉన్న కిరాణా దుకాణంలో పనిచేసి వచ్చినవాడు. సాహిత్యం ప్రధానంగా ఆయనది, బాణీ హేస్‌ది. కానీ వారి పాటలలో చాలావాటికి మొలక ఒక మాటే.

ఒక రోజు రాయడానికి కూర్చున్న హేస్ తొందరపెడుతూ పిలిస్తే, మరుగుదొడ్డిలో ఉన్న పోర్టర్ ‘ఆగు, వస్తున్నా’ అని లోపలి నుండే బదులు పలికాడు. ఆ మాట చెవిన పడగానే పోర్టర్‌కే అది పాట అని తట్టి, బట్టలు సర్దుకుంటూ బయటికి పరుగెత్తుకొచ్చాడు. శామ్ అండ్ డేవ్ జంట పాడిన 1966 నాటి ‘హోల్డ్ ఆన్, ఐయామ్ కమిన్’ అదే. పేరులో పెడర్థం ఉన్నదని కొన్ని రేడియో కేంద్రాలు అభ్యంతరం చెప్పడం కొసమెరుపు. మరుసటి ఏడు డెట్రాయిట్‌లో అల్లర్లు జరిగినప్పుడు, నల్లజాతివారి దుకాణాలను విడిచిపెట్టాలని తెలిపేందుకు తలుపుల మీద ‘సోల్’ అని రాసిపెట్టిన దృశ్యాన్ని హేస్ టీవీలో చూశాడు. ‘సోల్ మ్యాన్’ పాటకు ఆధారం అది.

ఇవి రెండూ కాక, జనానికి తెలిసిన వరుసలోనే కొత్త మాట కట్టే మూడవ దారి ఒకటున్నది, అది మీ జిల్లాకు బాగా తెలిసినది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వంటి జానపద రూపాలను తీసుకుని, అందులో నిజాం కాలపు వెట్టి బతుకును, పోరాటాన్ని పాడారు. ‘పల్లెటూరి పిల్లగాడ’ ఊరూరికీ అంత సులువుగా చేరడంలో ఆ పరిచితమైన వరుసలకు పెద్ద పాత్ర ఉన్నది. సోల్ సంగీతం పుట్టుకలోనూ ఇదే జరిగింది. గాయకుడు రే చార్లెస్, రెనాల్డ్ రిచర్డ్ కలిసి 1954లో కట్టిన ‘ఐ గాట్ ఎ ఉమన్’, వారు కారు ప్రయాణంలో రేడియోలో విన్న ఒక చర్చి పాట ఒరవడిలో వచ్చినది. దైవం మీది పాట ఆడమనిషి మీది పాటగా మారింది. భక్తి వరుసను ప్రేమకు వాడారని ఆనాటి చర్చి పెద్దలు చాలామంది కోపగించుకున్నారు. మన దగ్గర ఆ వాడకం మీద కోపం తక్కువ, బహుశా మన పాటలో దేవుడూ ప్రియుడూ మొదటి నుండీ ఒకే పీట మీద కూర్చున్నందుకేమో.

ప్రశ్న: ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్’ పాటను ఇద్దరు ముగ్గురు పాడినట్టు చూశాను. అసలు ఎవరి కోసం రాశారు?
– పాఠకుడు, జడ్చర్ల

జవాబు: రాసినవారు నార్మన్ విట్‌ఫీల్డ్, బారెట్ స్ట్రాంగ్. మోటౌన్ తొలి దశలో విజయం సాధించిన ‘మనీ’ పాట పాడిన స్ట్రాంగ్ ఈయనే. గ్రేప్‌వైన్‌ను ముందు మిరకిల్స్ బృందంతో, తరువాత గాయకుడు మార్విన్ గే చేత రికార్డు చేయించారు. గోర్డీకి అవి నచ్చక విడుదల కానివ్వలేదు. విట్‌ఫీల్డ్ పట్టు విడవకుండా అదే పాటను వేగం పెంచి గ్లాడిస్ నైట్ చేత పాడించగా, 1967లో అది రెండవ స్థానం దాకా వెళ్లింది. అటకెక్కిన మార్విన్ రికార్డింగు 1968లో ఒక ఆల్బమ్‌లో మామూలు పాటగా వచ్చినప్పుడు రేడియోవారు దానినే పదే పదే వేయడంతో, సంస్థ దిగివచ్చి విడిగా విడుదల చేసింది. అది ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

మోటౌన్‌లో ప్రతి వారం ఒక సభ జరిగేది. కొత్త రికార్డింగులను వినిపించి, ఏది విడుదల చేయాలో ఓటు వేసేవారు. గోర్డీ కార్ల కర్మాగారంలో పనిచేసి వచ్చినవాడు కనుక నాణ్యత తనిఖీ పద్ధతిని అక్కడి నుండే తెచ్చుకున్నాడు. ఆ వడపోత వల్ల సంస్థకు ఎంతో మేలు జరిగింది కానీ, ఆ కాలపు అతి గొప్ప పాటలలో ఒకదానిని అదే వడపోత ఏడాదికి పైగా ఆపింది. విట్‌ఫీల్డ్ మొండితనం లేకుంటే ఆ పాట మనకు దక్కేది కాదని చెప్పడానికి నేను సందేహించను.

ప్రశ్న: ఈ జంటలలో ఆడవారు లేరా? అందరూ మగవారేనా?
– అంగన్‌వాడీ ఉపాధ్యాయురాలు, వనపర్తి

జవాబు: తక్కువే, కానీ ఉన్నవారు గట్టివారు. వాలరీ సింప్సన్, నికోలస్ ఆష్‌ఫోర్డ్ 1964లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఒక చర్చిలో కలుసుకున్నారు. పియానో, బాణీ ఆమెవి, మాటలు ఆయనవి. ఇంట్లోనూ బయటా బాణీ మగవారిదే అనుకునే కాలంలో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. వీరు రాసిన ‘ఎయింట్ నో మౌంటెన్ హై ఇనఫ్’ను గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ అడిగినా ఇవ్వకుండా, మోటౌన్‌లో అడుగు పెట్టడానికి అదే తమ తాళంచెవి అని దాచుకున్నారు. 1967లో మార్విన్ గే, టామీ టెర్రెల్ దానిని యుగళగీతంగా పాడారు. టామీ మెదడులో కణితితో 24 ఏళ్ల వయసులోనే 1970 మార్చిలో కన్నుమూసింది. అదే ఏడు ఆష్‌ఫోర్డ్, సింప్సన్ అదే పాటను పూర్తిగా విప్పి, సగం మాటలుగా, సగం గానంగా డయానా రాస్ చేత చేయించారు. అది మొదటి స్థానానికి చేరింది. ఒకే సాహిత్యం మొదట ఉత్సాహంగా, తరువాత ప్రార్థనలాగా వినిపించడం ఆ ఇద్దరి పనితనానికి మంచి పరీక్ష. వారు 1974లో పెళ్లి చేసుకుని, 2011లో ఆష్‌ఫోర్డ్ చనిపోయే వరకు కలిసే రాశారు.

ఫిలడెల్ఫియాలో థామ్ బెల్ బాణీలకు మాటలు రాసిన లిండా క్రీడ్ మరొకరు. 1974లో స్టైలిస్టిక్స్ పాడిన ‘యూ మేక్ మీ ఫీల్ బ్రాండ్ న్యూ’ ఆ జంటదే. అరెతా ఫ్రాంక్లిన్ 1967లో పాడిన ‘నేచురల్ ఉమన్’కు బాణీ కట్టినది క్యారొల్ కింగ్, మాటలు ఆమె భర్త జెర్రీ గాఫిన్‌వి. పాటకు ఆ పేరు సూచించినందుకు నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ పేరును కూడా రచయితల వరుసలో చేర్చారు.

ప్రశ్న: నేను పాటలు రాస్తాను, మా దోస్తు వరుస కడుతాడు. ధూంధాం సభలలో మా పాటలు నడుస్తున్నయి. ఇప్పుడు యూట్యూబ్‌లో పెట్టే వేళ ఎవరి పేరు ముందుండాలి, పైసలు ఎట్ల పంచుకోవాలి అని ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. అక్కడి జంటలు ఏం చేసుకున్నరు?
– గాయకుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, అక్కడా ఇదే పట్టింపు, అంకెలు మాత్రం పెద్దవి. అమెరికాలో రేడియోలో పాట వేసినప్పుడు రచయితకు, పాట హక్కులను చూసుకునే ప్రచురణ సంస్థకు డబ్బు వస్తుంది. పాడినవారికి ఆ రేడియో నుండి నేటికీ రాదు. ఎడ్డీ హాలండ్ మొదట గాయకుడే. వేదిక ఎక్కడం ఆయనకు ఇష్టం లేదు; పైగా తమ్ముడికి రచయితగా వస్తున్న సొమ్ము చూసి పాడడం మాని రాయడానికి దిగాడు. అప్పటి చట్టం ప్రకారం అమ్ముడైన ఒక్కో రికార్డుకు ఒక్కో పాట మీద చెల్లించవలసినది 2 సెంట్లు. 1909 నుండి 1977 వరకు ఆ రేటు మారలేదు. అందులో మామూలుగా సగం ప్రచురణకర్తది, మిగిలిన ఒక్క సెంటును రచయితలు పంచుకోవాలి. మోటౌన్‌లో ఆ ప్రచురణకర్త కూడా గోర్డీ సొంత సంస్థే. లక్షల రికార్డులు అమ్ముడైనప్పుడు ఎవరి సెంటు ఎంత అన్న లెక్క తేలక, హాలండ్ త్రయం 1967 చివరి నుండి పాటలు ఇవ్వడం తగ్గించింది; 1968లో సంస్థ వారి మీద దావా వేసింది, వారు ఎదురు దావా వేశారు. ఆ వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగింది. వారు ఈలోపు సొంతంగా పెట్టుకున్న సంస్థ నుండి 1970లో వచ్చిన ‘బ్యాండ్ ఆఫ్ గోల్డ్’ మీద తమ అసలు పేర్లు వేసుకోలేక ‘ఈడిత్ వేన్’ అనే మారుపేరు వాడారు.

పేరే దక్కనివారి సంగతి ఇంకా బరువైనది. మోటౌన్ పాటలన్నింటికీ ప్రాణం పోసిన ఫంక్ బ్రదర్స్ అనే వాద్యబృందం పేర్లు ఏళ్ల తరబడి ఆల్బమ్ అట్టల మీద కూడా కనిపించలేదు. జేమ్స్ జామర్సన్ బేస్ గిటార్ మీద వాయించిన వరుసలు లేకుండా ఆ పాటలను ఊహించుకోవడం కష్టం, కానీ రచయితల వాటాలో ఆయనకు పైసా లేదు. మీ పాటకు డప్పు దెబ్బ కట్టిన మనిషి ఎవరో ఉండే ఉంటాడు, ఆయనను కూడా ఈ లెక్కలో ఒకసారి తలచుకోండి.

ఇక మన చట్టం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాటలోని మాటలు సాహిత్య రచన, వరుస సంగీత రచన. మాటల హక్కు మీది, వరుస హక్కు మీ స్నేహితునిది, ఒకరిది మరొకరికి దానంతట అది చేరదు. ఎవరి పేరు ముందుండాలన్నది చట్టం చెప్పదు, మీరే తేల్చుకోవాలి. పాట పుట్టిన క్షణం నుండే హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు అది నిలుస్తుంది. ఏదైనా ఆడియో సంస్థ హక్కులు రాసిమ్మని అడిగితే, సంతకంతో కూడిన రాతపూర్వక ఒప్పందం ఉంటేనే ఆ బదిలీ చెల్లుతుంది. అందులో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా భావించాలని చట్టంలోనే ఉన్నది. కాబట్టి ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అన్న మాటలు కాగితంలో కనిపిస్తే సంతకానికి ముందు ఆగి అడగండి. 2012 సవరణ తరువాత, సినిమాలో చేరిన పాటకైనా సరే, థియేటర్ ప్రదర్శన కాక ఇతర వాడకం మీద వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు ఉన్న సమాన వాటాను సంస్థలు రాయించుకోలేవు. మీ ఇద్దరి మధ్య వాటాలు, పేర్ల వరుస ఒక తెల్ల కాగితం మీద రాసుకుని, పాటల జాబితా జతచేసి, తేదీ వేసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. పాటకు సొమ్ము రాకముందే ఆ పని చేయడం తేలిక.

ప్రశ్న: రచయితలే సంస్థ యజమానులై నిలదొక్కుకున్న సందర్భం ఉన్నదా?
– పాఠకుడు, గద్వాల

జవాబు: ఉన్నది. కెన్నెత్ గ్యాంబుల్, లియాన్ హఫ్ 1971లో ఫిలడెల్ఫియా ఇంటర్నేషనల్ సంస్థ పెట్టారు. రికార్డుల పంపిణీ పెద్ద సంస్థ సీబీఎస్‌కు అప్పగించి, ప్రచురణ హక్కులను మాత్రం థామ్ బెల్‌ను కలుపుకుని తమ ముగ్గురి సంస్థలోనే ఉంచుకున్నారు. ‘ఇఫ్ యూ డోంట్ నో మీ బై నౌ’, ‘లవ్ ట్రైన్’ ఆ జంటవే.

ప్రశ్న: పేకాట మధ్యలో లేచి రాసిన పాట ఒకటి ఉన్నదని మా మామయ్య అంటాడు. నిజమేనా?
– పాఠకురాలు, కొల్లాపూర్

జవాబు: నిజమే. అలబామాకు చెందిన డాన్ పెన్, అతని స్నేహితుడు చిప్స్ మోమన్ నాష్‌విల్‌లో రేడియో వ్యాఖ్యాతల సమావేశానికి వెళ్లి, పేకాట మధ్యలో ఇచ్చిన విరామంలో ఈ పాట రాయడానికి కూర్చున్నారు. గది కావలసి వచ్చి క్విన్‌టన్ క్లాంచ్ అనే నిర్మాతను అడిగితే, పాటను తన గాయకుడు జేమ్స్ కార్‌కే ఇవ్వాలన్న షరతు మీద ఆయన తన గది తాళం ఇచ్చాడు. అరగంటలో పూర్తయింది. లోకం కంటపడకుండా వీధి చివరి చీకట్లో కలుసుకునే ఇద్దరి పాట అది, ‘ద డార్క్ ఎండ్ ఆఫ్ ద స్ట్రీట్’. మాట ఇచ్చిన ప్రకారమే కార్ దానిని పాడగా 1967లో విడుదలైంది. తరువాత ఎందరో పాడారు కానీ, మీ మామయ్యకు కార్ గొంతులోనే వినిపించండి.